చివరి వాయిదా తర్వాత: నా సిబిల్ రికార్డు దిద్దుబాటు డైరీ

మార్చి 3, 2025, సోమవారం

ముప్పయ్యో వాయిదా ఈ ఉదయం కట్టాను. 18,500 రూపాయలు. 2022 అక్టోబరులో మొదలైన ఒప్పందం ఇవాళ్టితో పూర్తయింది. మొత్తం 5,55,000. విశాఖ డాబా గార్డెన్స్‌లో మా ప్రెస్సు యంత్రం కాసేపు ఆపి పనివాళ్లిద్దరికీ జిలేబీ తెప్పించాను. మధ్యాహ్నం నుంచి మళ్లీ మామూలే. ఉగాది తర్వాతి ముహూర్తాలకు పెళ్లిపత్రికలు వరసగా ఉన్నాయి.

ఈ డైరీ మొదలుపెట్టడానికి కారణం మా చెల్లెలి భర్త. 2019లో ఆఫ్‌సెట్ యంత్రం కొనడానికి ఒక ఫైనాన్స్ సంస్థలో అప్పు తీసుకున్నప్పుడు హామీదారుగా సంతకం చేసింది ఆయనే. గాజువాక ఆటోనగర్‌లో లేత్ పని చేసుకునే మనిషి. జీవితంలో ఎవరికీ ఒక్క రోజు ఆలస్యంగా డబ్బు కట్టలేదు. 2020లో పెళ్లిళ్లు ఆగిపోయాయి, పత్రికలు ఆగిపోయాయి. రిజర్వు బ్యాంకు ఇచ్చిన ఆరు నెలల మారటోరియం ఆగస్టుతో ముగిసింది, వడ్డీ మాత్రం ఆగలేదు. 2021 రెండో వేవు తర్వాత నేను వాయిదాలు తప్పాను. 2022లో సంస్థతో కూర్చుని, ఒక్క రూపాయి తగ్గించమనకుండా గడువు మాత్రం పెంచమని ఒప్పందం రాయించుకున్నాను.

అది సక్రమంగా కడుతున్నాను కదా, అంతా బాగానే ఉందనుకున్నాను. మొన్న డిసెంబరులో బావ కూర్మన్నపాలెంలో ఫ్లాటు కోసం బ్యాంకుకు వెళ్తే సిబిల్ రికార్డు, అంటే అప్పుల చెల్లింపు చరిత్ర, చూసి ఇల్లు కొనే అప్పు ఇవ్వలేమన్నారట. ఆయన నాకు చెప్పలేదు. చెల్లెలు చెప్పింది, అదీ రెండు నెలల తర్వాత. "అన్నయ్యా, ఆయన రిపోర్టులో నీ అప్పు వందల రోజులుగా బాకీ ఉందని వస్తోందట" అంది. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

మార్చి 17

బాకీ లేదన్న పత్రం చేతికొచ్చింది. వాళ్లంతట వాళ్లు పంపలేదు. సూర్యాబాగ్ దగ్గర ఉన్న కార్యాలయానికి మూడుసార్లు వెళ్లాను. మూడోసారి వాళ్ల ఎదుటే కూర్చుని చదివాను: అప్పు సంఖ్య, తీర్చిన తేదీ, "ఇక ఏ బాకీ లేదు" అన్న మాట, సంతకం, ముద్ర. అన్నీ ఉన్నాయనుకున్నాను.

కాగితాలు దాచే అలవాటు నాకు హుద్‌హుద్ తుపాను నేర్పింది. 2014 అక్టోబరు 12న ప్రెస్సు పైకప్పు రేకులు లేచిపోయి బిల్లు పుస్తకాలన్నీ గుజ్జయిపోయాయి. అప్పటి నుంచి ప్రతి రసీదూ ప్లాస్టిక్ కవరులో, ఇనుప పెట్టెలో పెడుతున్నాను. ముప్పై వాయిదాల రసీదులూ అందులోనే ఉన్నాయి.

ఏప్రిల్ 2

సంస్థలు రుణ సమాచారాన్ని ఈ జనవరి నుంచి పదిహేను రోజులకోసారి పంపాలి. అంతకు ముందు నెలకోసారే. అందుకే చివరి వాయిదా తర్వాత నెల రోజులు ఆగి ఇవాళ నివేదికలు తీశాను.

అందరం సిబిల్ అంటాం కానీ మన దేశంలో రుణ సమాచార సంస్థలు నాలుగు: ట్రాన్స్‌యూనియన్ సిబిల్, ఎక్స్‌పీరియన్, ఈక్విఫాక్స్, క్రిఫ్ హైమార్క్. 2017 నుంచి ఒక్కోటి ఏడాదికి ఒక పూర్తి నివేదిక ఉచితంగా ఇవ్వాలి. నాలుగూ తీయాలి. ఏ బ్యాంకు ఏది చూస్తుందో మన చేతిలో లేదు, ఒకదానిలో ఉన్న తప్పు ఇంకోదానిలో ఉండకపోవచ్చు. ఫోనులోని ఉచిత యాప్‌లు చూపించే స్కోరు ఒక అంకె మాత్రమే. అప్పుల వరస, నెలనెలా చెల్లింపుల గడులు పూర్తి నివేదికలోనే ఉంటాయి.

స్కోరు 300 నుంచి 900 దాకా ఉంటుంది. నాది 538.

ఏప్రిల్ 6, ఆదివారం, శ్రీరామనవమి

పానకం, వడపప్పు అయ్యాక నాలుగు నివేదికలూ ప్రింటు తీసి నేల మీద పరిచాను. మొత్తం 61 పేజీలు.

ప్రెస్సులో పెళ్లిపత్రికకు ప్రూఫు ఎలా దిద్దుతామో ఇదీ అలాగే చేశాం. ఒకరు మూలం పైకి చదవాలి, ఒకరు ప్రూఫు మీద కళ్లు పెట్టాలి. ఒక్కరే చూస్తే కన్ను అలవాటు కొద్దీ తప్పు మీదుగా జారిపోతుంది. మా ఆవిడ రసీదులు, ఒప్పందం, బ్యాంకు స్టేట్‌మెంటు చదువుతుంటే నేను ఎర్ర కలంతో నివేదికల మీద గుర్తు పెట్టాను. మధ్యాహ్నం మూడయింది.

ముందు పేరు దగ్గరే చిక్కు. మన ఇంటిపేర్ల తంటా ఇది. పాన్ కార్డులో ఇంటిపేరు పూర్తిగా ఉంది, అప్పు పత్రాల్లో ఒక్క పొడి అక్షరంగా ఉంది. నాలుగు నివేదికల్లో నా పేరు మూడు రకాలుగా పడింది. అందులో ఒక నివేదికలో నాది కాని బైకు అప్పు ఒకటి వచ్చి చేరింది. ఎవరో అదే పేరువాడిది. నేను కొత్త బైకు కొని పదమూడేళ్లయింది.

తర్వాత యంత్రం అప్పు. ఒక పేజీలో "క్లోజ్డ్" అని ఉంది, బాకీ సున్నా. సంతోషించబోయేలోగా మా ఆవిడ, "ఏమండీ, ఈ నంబరు వేరేగా ఉంది, చూడండి" అంది. పేజీ తిప్పితే అదే సంస్థ పేరుతో ఇంకో అప్పు ఉంది. చివరి నాలుగు అంకెలు వేరు. బాకీ 5,12,000. డీపీడీ గడుల్లో ప్రతి నెలా రోజులు పెరుగుతూ పోయాయి. డీపీడీ అంటే గడువు దాటి ఎన్ని రోజులైందన్న లెక్క. సకాలంలో కడితే అక్కడ మూడు సున్నాలుండాలి.

2022 ఒప్పందం కాగితం తీసి చూశాక అర్థమైంది. వాయిదాలు మార్చినప్పుడు వాళ్లు కొత్త అప్పు సంఖ్య తెరిచారు. నేను కట్టిన ముప్పై వాయిదాలూ కొత్త సంఖ్యకు చేరాయి. పాత సంఖ్యను మూయడం మరిచిపోయారు. వాళ్ల పుస్తకాల్లో అది ఇంకా బతికే ఉంది, నెలనెలా ఆలస్యం పెంచుకుంటోంది. బావ హామీ ఉన్నదీ ఆ పాత సంఖ్య మీదే. పదిహేడో తేదీన నేను అంత శ్రద్ధగా చదివిన పత్రంలో కొత్త సంఖ్య మాత్రమే ఉంది. ఆ రోజు పాత సంఖ్య గురించి అడగాలన్న ఆలోచన నాకు రాలేదు.

అప్పును తిరగరాసి కట్టిన ప్రతి ఒక్కరికీ ఇది చెప్పాలనిపిస్తోంది: బాకీ లేదన్న పత్రంలో పాత సంఖ్య, కొత్త సంఖ్య రెండూ రాయించండి.

ఇక మూడోది క్రెడిట్ కార్డు. 2023 ఫిబ్రవరిలో 1,84,000 బాకీకి 1,10,000 కట్టి రాజీ చేసుకున్నాను. అక్కడ "సెటిల్డ్" అని ఉంది. అది తప్పు కాదు. జరిగింది అదే.

2021, 2022లో నేను నిజంగా ఆలస్యం చేసిన నెలలూ ఉన్నాయి. వాటి మీద ఎర్ర గీత గీయలేదు.

ఏప్రిల్ 9

నాలుగు సంస్థల్లోనూ అభ్యంతరాలు నమోదు చేశాను. ప్రతి తప్పుకూ విడిగా ఒకటి. అన్నీ కలిపి పెద్ద ఉత్తరం రాస్తే ఏదో ఒకదానికి జవాబిచ్చి ముగించేస్తారని నా భయం. రసీదు సంఖ్యలు ఈ పుస్తకం చివరి అట్ట లోపల రాసుకున్నాను.

30 రోజుల్లో తేల్చాలన్నది నియమం. అందులో అప్పిచ్చిన సంస్థకు 21 రోజులు. 30 దాటితే రోజుకు వంద రూపాయల పరిహారం, ఆలస్యం ఎవరిదైతే వాళ్లు ఇవ్వాలి. ఇది 2024 ఏప్రిల్ 26 నుంచి అమల్లో ఉంది.

ఏప్రిల్ 21

పాతది దిద్దుతూనే కొత్త మంచి చరిత్ర రాయడం మొదలుపెట్టాలి. మామూలు క్రెడిట్ కార్డు నాకు ఎవరూ ఇవ్వరు. అడిగితే ఆ అడిగిన గుర్తు కూడా నివేదికలో పడుతుంది. 2021లో కంగారులో ఆరు చోట్ల అప్పు అడిగి ఆ తప్పు ఒకసారి చేశాను. అందుకని ఒక బ్యాంకులో 25,000 ఫిక్స్‌డ్ డిపాజిట్ వేసి, దాని మీద 20,000 పరిమితితో కార్డు తీసుకున్నాను. ఈపీడీసీఎల్ కరెంటు బిల్లు, స్కూటరు పెట్రోలు, అంతే. నెలకు 6,000 దాటనివ్వను. పరిమితిలో మూడో వంతు లోపు వాడి, బిల్లు మొత్తం గడువుకు ముందే కట్టాలని నిర్ణయం.

ఏప్రిల్ 28

బైకు అప్పు తొలగించారు. 19 రోజుల్లో. పాన్ సంఖ్య వేరని చూపించడంతో తేలిపోయింది.

మే 2

యంత్రం అప్పు మీద నాలుగు చోట్లా ఒకే జవాబు: "అప్పిచ్చిన సంస్థ తన వివరాలు సరైనవేనని నిర్ధారించింది."

చాలా కోపం వచ్చింది. ప్రెస్సులో ఆ రోజంతా ఎవరితోనూ సరిగా మాట్లాడలేదు. సాయంత్రం ఆర్కే బీచ్‌లో గంటసేపు కూర్చున్నాక ఒక సంగతి బోధపడింది. సమాచార సంస్థ తనంతట తాను ఏదీ మార్చదు, చట్టప్రకారం మార్చలేదు. పెళ్లిపత్రికలో ముహూర్తం తప్పు పడిందని నాకు అనిపించినా పెళ్లివారిని అడగకుండా నేను మార్చను కదా. మార్చవలసింది మూలం ఇచ్చినవాళ్లు. కాబట్టి నా పోరాటం ఫైనాన్స్ సంస్థతోనే.

మే 5

సంస్థ ఫిర్యాదుల అధికారికి ఉత్తరం. రిజిస్టర్డ్ పోస్టులో ఒకటి, ఈమెయిల్‌లో ఒకటి. రెండు పేజీలు మించనివ్వలేదు. ఎడమ వైపు పాత సంఖ్య, కుడి వైపు కొత్త సంఖ్య, మధ్యలో 2022 ఒప్పందంలో రెంటినీ కలిపి రాసిన వాక్యం. కింద ముప్పై వాయిదాల తేదీలు, మొత్తాలు, బ్యాంకు లావాదేవీ సంఖ్యలు పట్టికగా. అడిగింది మూడే: పాత సంఖ్యను తీరినట్లు చూపండి, ఒప్పందం తర్వాతి నెలల్లో పడిన తప్పుడు ఆలస్యాలు తీసేయండి, హామీదారు రికార్డులోనూ అదే దిద్దండి.

పట్టిక పేజీకి అక్షరాల సైజు, గీతలు నేనే కూర్చాను. చదివేవాడి కన్ను తప్పిపోకుండా పేజీ కూర్చడం నాకు ఇరవై రెండేళ్లుగా తెలిసిన పని.

మే 19

ద్వారకా నగర్‌లో ఒకాయన 15,000 తీసుకుని "సెటిల్డ్" అన్న మాటే లేకుండా చేస్తాడని కాగితం సరఫరా చేసే మిత్రుడు చెప్పాడు. వెళ్లి కలిశాను. ముందు పాన్, ఆధార్ ఫొటో, ఫోనుకు వచ్చే ఓటీపీ అడిగాడు. లేచి వచ్చేశాను.

దీని గురించి గట్టిగా రాయాలి. నిజమైన వివరాన్ని డబ్బు తీసుకుని ఎవరూ చెరపలేరు. తప్పు వివరాన్ని దిద్దించడానికి డబ్బే అక్కర్లేదు. ఆ గదిలో నాతో పాటు కూర్చున్న వాళ్లలో ఒక ఆటో డ్రైవరు, ఒక నర్సు ఉన్నారు. ఇద్దరూ అప్పు తీర్చేసినవాళ్లే. వాళ్లను బయటికి పిలిచి నివేదిక ఉచితంగా ఎలా తీసుకోవాలో కాగితం మీద రాసిచ్చాను. ఆ నర్సు పిల్ల, "బాబాయ్, ఇది మాకు బ్యాంకులో ఎవరూ చెప్పలేదు" అంది.

జూన్ 6

30 రోజులు దాటింది. సంస్థ నుంచి జవాబు లేదు. రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు, అంటే బ్యాంకులు, ఫైనాన్స్ సంస్థల మీద ఫిర్యాదులు విచారించే అధికారికి, ఫిర్యాదు చేశాను. 2021 నవంబరులో తెచ్చిన సమగ్ర పథకం ఇది. 2022 సెప్టెంబరు నుంచి రుణ సమాచార సంస్థలు కూడా దీని కిందికి వచ్చాయి. రుసుము లేదు, వకీలు అక్కర్లేదు. సందేహాలకు 14448కు ఫోను చేయవచ్చు. ముందు సంస్థకే ఫిర్యాదు చేసి, జవాబు రాకో వచ్చిన జవాబు నచ్చకో ఉండాలి. లేకపోతే తీసుకోరు. మే 5 నాటి పోస్టు రసీదు ఇక్కడ పనికొచ్చింది.

జూన్ 24

రాయడానికి పెద్దగా ఏమీ లేదు. యోగా దినోత్సవానికి ప్రధాని రావడంతో వారం పాటు నగరమంతా హడావిడి. మాకు కరపత్రాల పని వచ్చింది. కార్డు రెండో బిల్లు కట్టాను: 4,310.

జూలై 8

సంస్థ ప్రధాన కార్యాలయం నుంచి ఒక అధికారిణి ఫోను చేశారు. నా పట్టిక తన ముందే ఉందని, రెండు సంఖ్యల సంగతి తమ శాఖ చూడలేదని ఒప్పుకున్నారు. "క్షమించండి సార్, ఇది మా వైపు పొరపాటే" అన్నారు. ఆ ఒక్క మాట కోసం ఇన్నాళ్లూ ఎంత ఎదురుచూశానో ఆ క్షణంలో తెలిసింది. పాత సంఖ్య మీద కూడా పత్రం కావాలని, అందులో హామీదారు పేరు ఉండాలని అడిగాను. సరే అన్నారు.

జూలై 11

పత్రం వచ్చింది. రెండు సంఖ్యలు, బావ పేరు, తేదీ, సంతకం. ఈసారి మా ఆవిడ చదివింది, నేను చూశాను.

జూలై 18

ఖాతాలో 3,700 పడ్డాయి. మే 5 నుంచి 30 రోజులు తీసేస్తే జూలై 11కి 37 రోజులు, రోజుకు వంద.

ఆగస్టు 2

ఉచిత నివేదికలు ఏప్రిల్‌లోనే అయిపోయాయి కాబట్టి రుసుము కట్టి తీశాను. పాత సంఖ్య "క్లోజ్డ్". బాకీ సున్నా. ఒప్పందం తర్వాతి నెలల ఆలస్యాలు పోయాయి. స్కోరు 607.

బావ నివేదికలు కూడా తీయించాను. మూడింటిలో దిద్దుబాటు వచ్చింది, ఒకదానిలో పాత బాకీ అలాగే ఉంది. హామీదారు రికార్డు హామీదారుదే. ఆయన తరఫున నేను అభ్యంతరం పెట్టకూడదు. ఆటోనగర్ వెళ్లి, షెడ్డులో లేత్ పక్కన స్టూలు మీద కూర్చుని ఆయన ఫోనులో ఆయన చేతే నమోదు చేయించాను.

ఆగస్టు 17

ఇప్పుడు 2023లో రాజీ చేసుకున్న పాత కార్డు సంగతి. ఇంట్లో పది రోజులుగా ఇదే చర్చ.

"సెటిల్డ్" అంటే అప్పిచ్చినవాడు కొంత వదులుకున్నాడని అర్థం. కొత్తగా అప్పివ్వబోయేవాడు అది చూసి వెనక్కి తగ్గుతాడు. పైగా 2023 జూన్ నాటి రిజర్వు బ్యాంకు ఉత్తర్వు ప్రకారం, వ్యవసాయేతర అప్పుల్లో రాజీ చేసుకున్నవారికి ఆ సంస్థే మళ్లీ అప్పివ్వాలంటే కనీసం 12 నెలలు ఆగాలి. వదిలేసిన ఆ 74,000 కట్టేస్తే బ్యాంకు ఒప్పుకుంటే "క్లోజ్డ్" అని మార్చవచ్చు.

మా ఆవిడ వాదన బలమైనదే. "వాళ్లే వదిలేశారు. ఆ డబ్బుతో కటింగ్ మెషిన్ బాగు చేయించుకోవచ్చు. ఆపదకు చేతిలో ఉంటుంది" అంది. ఎవరైనా నన్ను సలహా అడిగితే నేనూ ఆమె మాటే చెబుతాను. చేతిలో ఆరు నెలల ఖర్చు లేనివాళ్లు, దగ్గరలో పెద్ద అప్పు అవసరం లేనివాళ్లు కట్టనక్కర్లేదు. కానీ నాకు రెండేళ్లలో పాత యంత్రం మార్చక తప్పదు. అప్పుడు నా పేరు మీదే అప్పు పుట్టాలి. మళ్లీ ఎవరి సంతకమూ అడగకూడదు. ఇది చెప్పాక ఆమె చాలాసేపు ఊరుకుని, "శ్రావణం డబ్బులు వచ్చాక కట్టండి" అంది.

ఆగస్టు 25

కట్టాను. కట్టే ముందు బ్యాంకు నుంచి ఉత్తరం తీసుకున్నాను: 74,000 అందాక ఖాతాను పూర్తిగా తీరినట్లు నివేదిస్తామని. నోటి మాట మీద కట్టకూడదు. డబ్బు చేరాక అడిగే మాటకు బలం ఉండదు.

సెప్టెంబరు 4

బావ అభ్యంతరం తేలింది. 33 రోజులకు. మూడు రోజుల పరిహారం ఆయన ఖాతాలో పడాలి. గుర్తు పెట్టుకోవాలి.

అక్టోబరు 4

పాత కార్డు "క్లోజ్డ్". స్కోరు 659. డిపాజిట్ కార్డు మీద అయిదు బిల్లులు, అయిదూ సకాలంలో. 750 దాకా ఇంకా దూరం ఉంది. ఇక్కడి నుంచి చేయగలిగింది ప్రతి నెలా కట్టడం, ఏదీ కొత్తగా అడగకుండా ఉండడం.

అక్టోబరు 12, ఆదివారం

హుద్‌హుద్ వచ్చి ఇవాళ్టికి పదకొండేళ్లు. ఇనుప పెట్టె తెరిచి, రెండు సంఖ్యలున్న ఆ పత్రం నకలు ఒకటి తీసుకుని గాజువాక వెళ్లాను. బావ నివేదికను కూడా మంచి కాగితం మీద ముద్రించి తీసుకెళ్లాను. హామీదారు అన్న చోట బాకీ సున్నా, స్థితి క్లోజ్డ్.

కూర్మన్నపాలెం ఫ్లాటు ఎవరో కొనేసుకున్నారు. అగనంపూడి వైపు ఇంకోటి చూశారట. రేపు బ్యాంకుకు వెళ్తున్నారు. బావ కళ్లజోడు పెట్టుకుని ఆ పేజీ మొదటి నుంచి చివరి దాకా చదివి, మడిచి జేబులో పెట్టుకున్నారు. "యంత్రం మార్చేటప్పుడు చెప్పు బావా, సంతకం పెడతాను" అన్నారు.

వద్దన్నాను. చెల్లెలు కాఫీ తెచ్చింది.

రేపు చేయవలసినవి: బావతో పాటు బ్యాంకుకు వెళ్లాలి, రెండు సంఖ్యల పత్రం అసలు ప్రతి వెంట తీసుకెళ్లాలి. జనవరి మొదటి వారంలో కొత్త ఏడాది ఉచిత నివేదికలు నాలుగూ తీయాలి, ఇద్దరివీ.